జాకెట్టు హుక్కుల సంగతి ఎవరూ అడగరు

మా అమ్మకి వేళ్ళ చివరి కణుపుల దగ్గర గట్టిగా బుడిపెలు వచ్చాయి, అమ్మమ్మకీ అంతే ఉండేవి, అప్పట్లో వాతం అనేసేవాళ్ళు. వాటికి హెబర్డెన్ నోడ్స్ అని పేరు, కీళ్ళ అరుగుదల వల్ల వచ్చేవే, యాభై దాటిన ఆడవాళ్ళలో ఎక్కువ, కుటుంబాల్లో నడుస్తుంది కూడా. యూరిక్ యాసిడ్ నార్మల్, ఆర్‌ఏ (రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్ళవాపు జబ్బు) టెస్ట్ నెగటివ్ అనగానే ఇంట్లో అందరికీ "ఇంకేం, వయసే కదా" అయిపోయింది.

కానీ అసలు బాధ బుడిపెలది కాదండి, బొటనవేలి మొదట్లో ఉండే కీలుది. వేళ్ళ కొసలతో కిలో బలంతో ఏదైనా నొక్కితే ఆ కీలు మీద దాదాపు పన్నెండు కిలోల బరువు పడుతుందట, ఇంక టాబ్లెట్ స్ట్రిప్పులోంచి మాత్ర నొక్కి తియ్యడం, కుక్కర్ మూత, గంజి వార్చడం, తడి చీర పిండటం ఇవన్నీ ఎలా ఉంటాయో ఊహించుకోండి.

చేతులకోసం ఆస్కాన్ అని ఒక ప్రశ్నల లిస్టుంది, ట్యాప్ తిప్పగలరా, బొత్తాలు పెట్టుకోగలరా, కొత్త సీసా మూత తియ్యగలరా, కూరగాయల తొక్క తియ్యగలరా అని అడుగుతారు. భలే నచ్చింది నాకు, నొప్పి పదికి ఎంత అని అడిగితే మా అమ్మ ఎప్పుడూ "పర్లేదు" అంటుంది మరి. మనవాళ్ళకైతే జాకెట్టు హుక్కులు, కొబ్బరి కోరడం, ఆవకాయ అన్నం కలుపుకోడం కూడా అందులో చేర్చాలి.

అరిగింది వెనక్కి తెచ్చే మందైతే లేదు. 2018 యూరప్ గైడ్‌లైన్స్‌లో కూడా వ్యాయామాలు, పని తేలికచేసే వస్తువులు, బొటనవేలికి స్ప్లింట్ (కీలు కదలకుండా పట్టి ఉంచే పట్టీ, కనీసం మూడు నెలలు వాడాలి, వారం వేసి తీసేస్తే లాభంలేదు), ముందు పైపూత జెల్, మాత్రలు తర్వాతే, అవీ కొన్నాళ్ళకే అని ఉంది. బీపీ, కిడ్నీ ఉన్నవాళ్ళు మెడికల్ షాపులో అడిగి నొప్పిమాత్రలు మింగేయకండి ప్లీజ్.

మేమైతే వంటింట్లో లివర్ ట్యాప్ పెట్టించాం, గంజి వార్చడం మానేసి ఎసరు సరిపెట్టి వండుతున్నాం, చీరలు మెషీన్‌కే. హుక్కుల దగ్గరే ఆగిపోయాం, టైలర్ జిప్పు పెడతానంటే అమ్మ ససేమిరా అంటోంది.

పొద్దున్నే వేళ్ళు బిగుసుకుపోయి అరగంటలోపు సర్దుకుంటే సాధారణంగా ఈ అరుగుదలే, గంట దాటినా, మణికట్లు వాచినా మాత్రం రుమటాలజిస్ట్‌కి (కీళ్ళవాపు జబ్బుల డాక్టర్‌కి) చూపించండి.