రెండో దెబ్బకు చప్పట్లు

గిటారు నేర్చుకుంటున్న మా అబ్బాయికి పరీక్షలు అడ్డుపడ్డాయి. విజయవాడలో పాటల కచేరీకి 300 రూపాయలు పెట్టి కొన్న టిక్కెట్టు వృథా కాకూడదని నరసరావుపేట నుంచి నేనే బయలుదేరాను. గుంటూరులో బస్సు మారి, మంగళగిరి దాటాక లారీల వెనక నెమ్మదిగా కదులుతూ వారధి దాటేసరికి చీకటి పడింది. బస్టాండు నుంచి మొగల్రాజపురానికి ఆటోకు 200 అడిగారు, 150కి ఒప్పించాను. తీరా అక్కడికి వెళ్తే మేడ మీద ఉన్న ఆ చిన్న హాల్లో టీ 60 రూపాయలు. మా పేటలో ఆ డబ్బుతో ఇంటిల్లిపాదికీ టీ వస్తుందన్న చిరాకుతోనే వెళ్లి వెనక వరుసలో కూర్చున్నాను.

ఆ రాత్రి మూడు బృందాలు వాయించాయి. అందరూ అక్కడి కాలేజీల పిల్లలే. తాము వాయించేది పవర్ పాప్ అని, 1967లో ఇంగ్లండు గిటారిస్టు పీట్ టౌన్షెండ్ తమ 'ది హూ' బృందం సంగీతాన్ని వర్ణిస్తూ ఆ మాట వాడారని మొదటి బృందంలో పాడే అమ్మాయి చెప్పింది. గిటార్లూ డ్రమ్ములూ గట్టిగా మోగుతున్నా వాటి మీద పాట మాత్రం తేలికగా, ఒకసారి వింటే నోటికి వచ్చేలా ఉంటుంది, మూడు నిమిషాల్లో ముగిసిపోతుంది. ఆ బృందం మైకులు అస్తమానం కీచుమన్నందువల్ల నాకు మాటలు సగమే అర్థమయ్యాయి. మూడో బృందం వచ్చేసరికి అలసిపోయాను. నాకు పూర్తిగా గుర్తున్నది రెండో బృందమే.

వాళ్లు తెలుగులో పాడారు. కృష్ణ ఒడ్డున సాయంత్రం స్నేహితుడి కోసం ఎదురుచూడటం గురించిన పాట అది. పల్లవి రెండోసారి వచ్చేటప్పటికే హాలంతా అందుకుంది, నేను కూడా పాడాను. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి పల్లవి చివర గొంతు విప్పి ఎంతసేపైనా సాగదీయవచ్చునని, ఈ రకం పాటకు తెలుగు ఇంత చక్కగా అమరుతుందని నాకు అప్పుడే తెలిసింది. చప్పట్ల దగ్గర మాత్రం ఇబ్బంది వచ్చింది. ధనుర్మాసంలో రామాలయం భజనకు అలవాటుపడ్డ చేతులు కావడంతో మేమంతా నాలుగు దెబ్బల తాళంలో ఒకటో దెబ్బకు, మూడో దెబ్బకు కొట్టాము. ఈ సంగీతంలో బలం రెండో దెబ్బకు, నాలుగో దెబ్బకు, అంటే స్నేర్ అనే చిన్న డ్రమ్ము మోగే చోట పడుతుంది. డ్రమ్ములు వాయిస్తున్న కుర్రవాడు విసుక్కోకుండా పాట ఆపి, "ఒకటి మీరు మనసులో అనుకోండి, రెండు నాతో కొట్టండి" అని చెప్పి నాలుగు ఆవృత్తాలు మాతో సాధన చేయించాడు. మా చప్పట్లు కుదిరిన క్షణంలో గిటార్లు మళ్లీ అందుకోగానే నా ఒళ్లు పులకరించింది.

చివరి బస్సులో నా పక్కన కూర్చున్నది ఆ బృందంలో బేస్ గిటారు వాయించిన అబ్బాయే. వాద్యం పెట్టెను మోకాళ్ల మధ్య నిలబెట్టుకున్నాడు. నాలుగేళ్లు వయొలిన్ నేర్చుకున్నాను కాబట్టి, పల్లవిలో ఇద్దరి గొంతులు ఒకేసారి వేరువేరు స్వరాలు పలికినట్టు వినిపించిందని, అది ఎలాగని అడిగాను. పదిమంది పాడినా ఒకే స్వరం మీద కలవడమే నేను నేర్చుకున్న పద్ధతి.

"నేను షడ్జమం మీద ఉంటానండీ, నాతో పాడే అమ్మాయి గాంధారం మీద ఉంటుంది. మీరు అదే పల్లవిని గాంధారం నుంచి ఎత్తుకోండి చూద్దాం" అన్నాడు.

వారధి దాటుతుండగా అతను మెల్లగా పల్లవి అందుకున్నాడు. మొదట రెండుసార్లు నేను అతని స్వరంలోకే జారిపోయాను. తాడేపల్లి దాటాక నిలబడగలిగాను. ముందు సీటులోని పెద్దావిడ వెనక్కి తిరిగి చూసి, ఏమీ అనకుండా తల ఊపుతూ కూర్చుంది. గుంటూరు బస్టాండులో దిగేవరకు మేమిద్దరం ఆ ఒక్క పల్లవినే పాడుకుంటూ వచ్చాము.