నల్లరాతి మీద పేర్లు

కొలంబో పక్కనే ఉన్న కోట్టేలో, శ్రీలంకకు మన దేశం పంపిన శాంతి సైనికుల స్మారకం ముందు చాలాసేపు నిలబడిపోయాను. నల్లరాతి నిండా పేర్లే. చనిపోయింది దాదాపు 1,200 మంది.

1980ల్లో శ్రీలంక తమిళ మిలిటెంట్లకు రహస్యంగా శిక్షణ ఇచ్చింది మన దేశమే. 1987 జూన్ 4న అక్కడి తమిళుల పట్టణం జాఫ్నా మీద విమానాల్లోంచి ఆహారం జారవిడిచిందీ మనమే. రెండు నెలలు తిరక్కుండా శ్రీలంక ప్రభుత్వంతో ఒప్పందం, వెంటనే అక్కడికి మన సైన్యం. అక్టోబరుకల్లా ఆ మిలిటెంట్లలోని ఎల్‌టీటీఈతోనే యుద్ధం!

అవతలి గట్టున మనవాళ్లు కష్టాల్లో ఉన్నారన్న తమిళనాడు గోడు నిజం. వేర్పాటు మన దాకా పాకుతుందేమోనన్న ఢిల్లీ భయమూ నిజమే. కానీ ఒక చేత్తో నెయ్యి పోసి, ఇంకో చేత్తో నీళ్లు చల్లితే మంట ఆరుతుందా? మూల్యం చెల్లించింది ఈ కుర్రాళ్లూ, జాఫ్నా జనమూ.

ఒక పేరు మీద వేలు పెట్టాను. ఎండకు రాయి కాలుతోంది.