ఏఈఓగా నా మొదటి వానాకాలం

"మేడం, పత్తికి ఎకరాకు ఎన్ని బస్తాల పిండి పడుతుంది?"

వ్యవసాయ విస్తరణ అధికారిగా, అందరూ అనే ఏఈఓగా, ఉద్యోగంలో చేరిన మూడో రోజు రైతు వేదికకు, అంటే రైతులు సమావేశమయ్యే భవనానికి, వచ్చిన ఒక పెద్దాయన అడిగిన ప్రశ్న ఇది. పిండి అంటే ఎరువు అని నాకు తెలుసు, నేను పుట్టింది వనపర్తి దగ్గరి పల్లెలోనే. పత్తికి విశ్వవిద్యాలయం సిఫార్సు కూడా కంఠతా వచ్చు: ఎకరాకు నత్రజని 60 కిలోలు, భాస్వరం 24, పొటాష్ 24. పాలెం వ్యవసాయ కళాశాలలో నాలుగేళ్లు చదివి, ఆ అంకెలు పరీక్షల్లో ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. కానీ ఆయన అడిగింది బస్తాలు. నత్రజనిని యూరియాగా మార్చాలి, భాస్వరం కోసం వేసే డీఏపీ ఎరువులో కూడా ఉన్న నత్రజనిని అందులోంచి తీసేయాలి. ఆయన ఎదురుగా నిలబడి ఉంటే నాకు ఆ లెక్క తెగలేదు. "రేపు రండి, చెప్తాను" అన్నాను. ఆయన తలూపి వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు. ఆరు కిలోమీటర్ల దూరంలోని తండా నుంచి ఆయన నడిచి వచ్చాడని తర్వాత తెలిసింది.

ఆ రాత్రి దేవరకొండలోని అద్దె గదిలో కూర్చుని లెక్క వేశాను. డీఏపీ బస్తా 50 కిలోలు. అందులో భాస్వరం 23 కిలోలు, నత్రజని 9 కిలోలు. అంటే ఒక బస్తాతో భాస్వరం దాదాపు సరిపోతుంది. మిగిలిన 51 కిలోల నత్రజనికి యూరియా 111 కిలోలు కావాలి. యూరియా బస్తా ఇప్పుడు 45 కిలోలే కాబట్టి రెండున్నర బస్తాలు. 24 కిలోల పొటాష్ కోసం మ్యూరేట్ ఆఫ్ పొటాష్ ఎరువు 40 కిలోలు. యూరియాను నాలుగు భాగాలు చేసి విత్తిన 20, 40, 60, 80 రోజులకు వేయాలి. ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసుకుని బ్యాగులో పెట్టుకున్నాను. మర్నాటి ఉదయం మొదట ఆ తండాకే వెళ్లాను.

ఆయన పొలం గట్టు మీదే ఉన్నాడు. నేను లెక్క చెబితే విని, "మరి రెండో డీఏపీ బస్తా కూడా తెచ్చాను, పైపాటుగా వేద్దామని" అన్నాడు. వద్దన్నాను. ఎందుకని అడిగాడు. పరీక్షలో అయితే భాస్వరం నేలలో స్థిరపడుతుందని ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది. గట్టు మీద ఆ వాక్యం పనికిరాలేదు. కాసేపు ఆలోచించి, "అది పడ్డచోటే ఉండిపోతుంది పెద్దాయనా, వేరు దగ్గరకు నడిచి వెళ్లదు. అందుకే దుక్కిలో వేసి కలియదున్నాలి" అన్నాను. ఆయన కాలి బొటనవేలితో మట్టిని కొంచెం తవ్వి చూసి, "యూరియా అయితే నీళ్లతో పోతుంది, ఇది పోదన్నమాట" అన్నాడు. అవును, అంతే. నేను చదివిన పాఠం అంత తేలికగా చెప్పవచ్చని నాకు అప్పటిదాకా తోచలేదు.

2021 జూన్‌లో నేను చేరింది నల్లగొండ జిల్లాలో, దేవరకొండ వైపు ఒక మండలంలో. ఐదు వేల ఎకరాలకు ఒక ఏఈఓ చొప్పున ఉండాలన్నది ప్రభుత్వం పెట్టుకున్న లెక్క. నా క్లస్టర్‌లో, అంటే నాకు అప్పగించిన ప్రాంతంలో, ఊళ్లూ తండాలూ కలిసి ఉన్నాయి. ఎక్కువగా వర్షం మీద ఆధారపడిన పత్తి, బోర్ల కింద వరి, అక్కడక్కడ బత్తాయి తోటలు. చివరి ఏడాదిలో గ్రామీణ అనుభవం కోసం మమ్మల్ని ఊళ్లకు పంపినప్పుడు రైతు ఇంటి అరుగు మీద కూర్చుని రికార్డు రాసేదాన్ని. పల్లె తెలిసిపోయిందనుకున్నాను. అప్పుడు పంట రైతుది, రికార్డు నాది, మార్కులు నావి. ఇప్పుడు నేను రాసేది ఏదైనా నేరుగా రైతుకే తగులుతుంది. ఈ తేడా ఒంటబట్టడానికి నాకు ఏడాది పట్టింది.

మొదట మారింది వేళ. హాస్టల్లో ఎనిమిదింటికి లేచే అలవాటు. మొదటి రెండు వారాలు పదింటికి ఊళ్లోకి వెళ్తే ముసలివాళ్లు తప్ప ఎవరూ కనిపించేవారు కాదు. "పొలానికి పోయారు బిడ్డా" అనేవారు. తర్వాత ఆరున్నరకే స్కూటీ తీయడం మొదలుపెట్టాను. సాయంత్రం చాయ్ హోటల్ దగ్గర మరో అరగంట. రాత్రి తొమ్మిదింటికి స్నేహితులు ఫోన్ చేసేసరికి నేను పంటల నమోదు వివరాలు సరిచూసుకుంటూ ఉండేదాన్ని. నాలుగేళ్లు ఒకే గదిలో ఉన్నవాళ్లం, రోజుల తరబడి మాట్లాడుకోకుండా గడపగలమని అప్పుడే తెలిసింది. అది బాధగానే ఉండేది.

పంటల నమోదు గురించి చెప్పాలి. సర్వే నంబరు, దాని కింద బై నంబరు, అందులో ఎన్ని ఎకరాలు, ఎన్ని గుంటలు, ఏ పంట, అన్నీ పొలంలో నిలబడి ఎక్కించాలి. ఎండలో తిరగలేక గట్టు మీద కూర్చున్నవాళ్లను అడిగి రాసేద్దామనిపిస్తుంది. రెండుసార్లు అలా రాశాను కూడా. పత్తి అమ్మే రోజున ఆ నమోదే అడుగుతారని, అందులో పంట లేకపోతే రైతు బండి కట్టుకుని వచ్చినా లాభం లేదని మా మండల వ్యవసాయ అధికారి వివరించారు. కోప్పడలేదు. ఆ సాయంత్రమే వెళ్లి ఆ రెండు పొలాలూ చూసి వచ్చాను. ఒకదాంట్లో కంది ఉంది.

అన్నిటికంటే నన్ను మార్చింది సెప్టెంబర్‌లో జరిగిన ఒక చావు. ఒక ఊళ్లో నలభై ఐదేళ్ల రైతు గుండెపోటుతో పోయాడు. మూడెకరాలు, ఇద్దరు ఆడపిల్లలు. 2018 ఆగస్టులో మొదలైన రైతు బీమా కింద 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా నామినీకి 5 లక్షల రూపాయలు వస్తాయి. ప్రీమియం ప్రభుత్వమే ఎల్‌ఐసీకి కడుతుంది. కాగితాలు సేకరించి పంపడం ఏఈఓ పని. చావు జరిగిన ఇంట్లోకి వెళ్లి ఆధార్ కార్డు అడగడం ఎలాగో కళాశాలలో ఎవరూ నేర్పలేదు, నేర్పగలిగేది కూడా కాదు. గడప బయట చాలాసేపు నిలబడ్డాను. చివరికి ఆయన తల్లి పిలిచి పీట వేసింది.

భార్య కాగితాలన్నీ ఒక పాలిథిన్ కవరులో దాచి ఉంచింది. పట్టాదారు పాసు పుస్తకం, ఆధార్‌లు, రేషన్ కార్డు, తన బ్యాంకు పాసు పుస్తకం. కవరు విప్పుతుంటే ఆమె చేతులు వణికాయి. నేను అన్నిటినీ ఫోటోలు తీసుకున్నాను. పంచాయతీ కార్యదర్శి దగ్గర మరణ ధ్రువీకరణ పత్రం తీసుకుని మొత్తం పంపించాను. పది రోజుల్లో వస్తుందని ఆమెకు ధైర్యంగా చెప్పాను.

రాలేదు. పదిహేనో రోజున ఆ ఊరికి వెళ్తే అవ్వ అడిగింది: "బిడ్డా, ఇంకెన్ని రోజులు?" కర్మకు తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు. భార్య ఏమీ అనలేదు. ఆమె ఏదైనా అని ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

వాకబు చేస్తే తప్పు నాదేనని తేలింది. ఆమె పాసు పుస్తకం పాతది. బ్యాంకుల విలీనం తర్వాత ఆ శాఖ ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ మారింది. నేను పాత పుస్తకంలోని కోడ్‌ను చూసి ఎక్కించాను. ఖాతా నంబరు రెండుసార్లు సరిచూసుకున్నాను కానీ కోడ్ మారి ఉంటుందన్న ఆలోచనే రాలేదు. కళాశాలలో ఇలాంటి పొరపాటుకు ఒక మార్కు పోయేది, తర్వాతి పరీక్షలో సరిపెట్టుకునేదాన్ని. ఇక్కడ ఆ మార్కు ఇద్దరు ఆడపిల్లల ఇంట్లో పోయింది.

మర్నాడు నేనే ఆమెను బ్యాంకుకు తీసుకెళ్లాను. కొత్త పాసు పుస్తకం ముద్రించి ఇచ్చేదాకా ఇద్దరం బెంచీ మీద కూర్చున్నాం. అక్కడ ఆమెకు నిజం చెప్పాను, ఆలస్యం నా వల్లే అయిందని. ఆమె నా వైపు చూసి, "నీకెన్నేళ్లు?" అని అడిగింది. ఇరవై రెండన్నాను. "నా పెద్దమ్మాయికి పదిహేడు" అంది. అంతకు మించి మాట్లాడలేదు. సవరణ పంపిన పదకొండో రోజున డబ్బు పడింది. ఆ కబురు చెప్పడానికి అవ్వ ఎవరి ఫోనో అడిగి తీసుకుని నాకు ఫోన్ చేసింది.

అప్పటి నుంచి ఎవరి కాగితం చూసినా ముందు తేదీ చూస్తాను. తెలియనిది అడిగితే "తెలియదు, కనుక్కుని సాయంత్రంలోపు చెప్తాను" అంటాను, సాయంత్రంలోపు చెప్తాను. నవంబర్‌లో ఒకాయన బత్తాయి కొమ్మ తెచ్చి చూపిస్తే తెగులు గుర్తుపట్టలేకపోయాను. ఆ మాటే చెప్పి, ఫోటో మా పాలెం మాస్టారికి పంపి, ఆయన చెప్పిన జవాబుతో పొద్దుగూకేలోగా తోటకు వెళ్లాను. ఆ రైతు ఇప్పుడు నా ఫోన్ నంబరును ఊరంతటికీ ఇచ్చాడు.

2022 ఆగస్టులో రైతు బీమాకు కొత్త పేర్లు చేర్చుకునే రోజుల్లో ఆ ఇద్దరు ఆడపిల్లల తల్లి తన పెద్దమ్మాయితో రైతు వేదికకు వచ్చింది. భూమి వారసత్వంగా ఆమె పేరుకు మారింది, కొత్త పాసు పుస్తకం చేతిలో ఉంది. నామినీ ఎవరని అడిగాను. పెద్దమ్మాయి పేరు చెప్పింది. ఆధార్‌లో ఉన్నట్టుగా ఒక్కో అక్షరం చదువుతూ ఎక్కించి, తెరను ఆ అమ్మాయి వైపు తిప్పాను. ఆమె పుట్టిన తేదీ దగ్గర వేలు పెట్టి, "ఇది తప్పుంది మేడం, నెల ఎనిమిది" అంది. సరిచేశాను.