నిచ్చెన సాలలో పట్టిందా, లేదా? ఎమ్మెస్సీ సెమినార్‌తో నా అనుభవం

నిన్న మధ్యాహ్నం నా సెమినార్ ఓకే అయింది. రికార్డులో సంతకం పడింది. ఆ వేడి చల్లారకముందే ఇది రాస్తున్నాను. విజయనగరం, శ్రీకాకుళం వైపు ఫిజిక్స్‌లో పీజీ చేస్తున్నవాళ్లలో కొందరైనా ఇదే టాపిక్ తీసుకుంటారు, తీసుకుంటే నేను ఇరుక్కున్నచోటే ఇరుక్కుంటారు.

టాపిక్ ఒప్పించుకోవడం, సారాంశం ఇవ్వడం, స్లైడ్లు చేసుకోవడం పెద్ద పని కాదు. 'ప్రత్యేక సాపేక్షతలో పారడాక్సులు' అని రాసిస్తే అదేరోజు సరేనన్నారు. అంటే వేగాన్ని బట్టి పొడవు, కాలం ఎలా మారతాయో చెప్పే ఐన్‌స్టీన్ సిద్ధాంతంలో, పైకి పరస్పర విరుద్ధంగా కనిపించే చిక్కు ప్రశ్నలు. కవలల పారడాక్స్ కూడా ఇబ్బంది పెట్టలేదు. కవలల్లో ఒకడు అతివేగంగా అంతరిక్షంలోకి వెళ్లి తిరిగొస్తే ఇంటిదగ్గరివాడి కంటే వయసు తక్కువగా ఉంటాడు, మరి ఇద్దరికీ ఎదుటివాడే కదిలినట్టు కదా అన్నది అందులో చిక్కు. 1911లో లాంజెవిన్ చెప్పిన అంతరిక్ష ప్రయాణికుడి కథే దానికి మూలం. వెళ్లినవాడు మధ్యలో వెనక్కి తిరిగాడు, ఇంటిదగ్గర ఉన్నవాడు తిరగలేదు, కాబట్టి ఇద్దరి పరిస్థితీ ఒకటి కాదు. 1971లో హాఫెలె, కీటింగ్ సీజియం అణు గడియారాలను విమానాల్లో భూమి చుట్టూ తిప్పి తెచ్చారు. తూర్పుగా వెళ్లినవి 59 నానోసెకన్లు వెనకబడ్డాయి, పడమరగా వెళ్లినవి 273 నానోసెకన్లు ముందుకెళ్లాయి. అందులో గురుత్వాకర్షణ వాటా కూడా ఉందని ఒక్క ముక్క చెబితే ఎవరూ అడ్డుపడరు.

అసలు కథంతా నిచ్చెన దగ్గరే.

పుస్తకాల్లో దాన్ని ధాన్యపు కొట్టం అంటారు. నేను మా ఊళ్లో ఉండే పశువుల సాలనే బొమ్మ గీశాను, రెండు వైపులా తలుపులు పెట్టి. నిచ్చెన పొడవు 10 మీటర్లు, సాల పొడవు 8 మీటర్లు. నిచ్చెన కాంతి వేగంలో 0.6 వంతు వేగంతో సాలలోకి దూసుకొస్తోంది. వేగంగా కదిలే వస్తువు కదిలే దిశలో పొట్టిగా కొలతకొస్తుందని ఈ సిద్ధాంతం చెబుతుంది, కాబట్టి సాలలో నిలబడినవాడి కొలతలో అది 8 మీటర్లకు కుదించుకుపోతుంది. సరిగ్గా పట్టేస్తుంది, ఒక్క క్షణం రెండు తలుపులూ ఒకేసారి మూసి తెరవొచ్చు. నిచ్చెనతో పాటు వెళ్లేవాడికి మాత్రం నిచ్చెన 10 మీటర్లే, కుదించుకుపోయింది సాల, అది 6.4 మీటర్లే. పట్టే ప్రశ్నే లేదు. మరి తలుపులు మూసుకున్నాయా, లేదా?

స్లైడ్ అక్కడిదాకా వచ్చిందో లేదో, ముందు వరసలో కూర్చున్న సార్ చెయ్యెత్తి ఆపారు.

"ఏమ్మా, ఇందులో పారడాక్స్ ఏముంది? కుదించుకుపోయినట్టు కనిపిస్తుంది, అంతే. నిచ్చెన ఎప్పుడూ పది మీటర్లే. మిగతాదంతా కంటి భ్రమ."

"మరి తలుపులు నిజంగా మూసుకుంటాయి కదా సార్, అది భ్రమ ఎలా అవుతుంది?" అన్నాను.

దానికి జవాబు లేదు. "డిగ్రీ తెలుగు మీడియమా?" అన్నారు. అవునన్నాను. వెనక్కి తిరిగి క్లాసంతటికీ వినపడేలా, "బేసిక్స్ ఉండవు గానీ ఐన్‌స్టీన్ కావాలి వీళ్లకి" అన్నారు. వెనక బెంచీల్లో నవ్వులు. రికార్డు మీద ఎర్ర ఇంకుతో 'రిపీట్' అని రాసి నా వైపు తోశారు. జూనియర్లు కూడా ఉన్నారు ఆ గదిలో. తల ఎత్తుకోలేకపోయాను. రిపీట్ రాయడం ఆయన హక్కే, కాదనను. అడిగిన ప్రశ్నకి మీడియం సమాధానం అవుతుందా? తెలుగులో చదువుకున్నవాళ్లకి లెక్క వేరేగా వస్తుందా? ప్రశ్నకి జవాబు తెలియని మాస్టారు 'రేపు చూసి చెబుతానమ్మా' అంటే ఆయన గౌరవం పెరుగుతుందే తప్ప తగ్గదు. ఇది చదివే లెక్చరర్లు ఎవరైనా ఉంటే ఆ ఒక్క మాట అలవాటు చేసుకోండి.

ఇంటికొస్తే మా అమ్మ "ఏటే, అలగున్నావు?" అంది. ఏమీ లేదన్నాను.

తర్వాత సీనియర్లను, ట్యూషన్ చెప్పేవాళ్లను అడిగాను. అందరిదీ ఒకటే పాట: "ఎవరి దృష్టిలో వాళ్లు కరెక్టే." ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఫ్యామిలీ గొడవల్లో సర్దిచెప్పడానికి అది పనికొస్తుందేమో, ఫిజిక్స్‌లో కాదు. తలుపు నిచ్చెనను కొట్టిందా లేదా అన్నది ఎవరి దృష్టిని బట్టీ మారదు. కొడితే అందరికీ విరిగిన మెట్టు కనపడాలి. పరిశీలకులు పొడవు మీద, సమయం మీద తేడా పడొచ్చు. జరిగింది ఏమిటన్నదాని మీద తేడా పడటానికి వీల్లేదు.

మ్యూయాన్ల ప్రయోగం చూస్తే ఇదే విషయం తేటగా అర్థమవుతుంది. మ్యూయాన్లంటే పై వాతావరణంలో పుట్టి కాంతికి దగ్గర వేగంతో కిందికి వచ్చే, కాసేపటికే నశించే సూక్ష్మ కణాలు. ఫ్రిష్, స్మిత్ 1963లో ప్రచురించిన లెక్కలు ఇవి. అమెరికాలో మౌంట్ వాషింగ్టన్ పైన గంటకు 563 మ్యూయాన్లు లెక్కకొచ్చాయి. మ్యూయాన్ సగటు ఆయుష్షు 2.2 మైక్రోసెకన్లు. కాలం అందరికీ ఒకేలా నడిస్తే కింద సముద్రమట్టం దగ్గర సుమారు 27 మాత్రమే మిగలాలి. మిగిలినవి 412. నేల మీదవాడు 'దాని గడియారం నెమ్మదిగా నడిచింది' అంటాడు. మ్యూయాన్‌కే నోరుంటే 'నా గడియారం మామూలే, మీ కొండే పొట్టిది' అంటుంది. కారణాలు రెండు, 412 మాత్రం ఇద్దరికీ ఒకటే.

అదే పద్ధతిలో నిచ్చెన లెక్కకి కూర్చున్నాను. కొంత జిల్లా కేంద్ర గ్రంథాలయంలో, కొంత ప్యాసింజర్ బండిలో. నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి ఎప్పుడు దాటానో కూడా చూసుకోలేదు. 'ఎవరు కరెక్ట్' అన్న ప్రశ్న పక్కన పెట్టి, జరిగిన సంఘటనలు రెండే రాసుకున్నాను: అవతలి తలుపు (నిచ్చెన బయటికి పోయే వైపుది) మూసుకోవడం, ఇవతలి తలుపు (లోపలికొచ్చే వైపుది) మూసుకోవడం. సాలవాడికి రెండూ ఒకే క్షణం. 8 మీటర్ల దూరంలో ఉన్న ఈ రెండు సంఘటనలు నిచ్చెనవాడి గడియారంలో ఎప్పుడెప్పుడు పడతాయో లోరెంజ్ సూత్రంలో వేశాను, ఒకరి కొలతలను ఇంకొకరి కొలతల్లోకి మార్చే సూత్రం అది. కుదింపు నిష్పత్తి 1.25 (10ని 8తో భాగిస్తే వచ్చేది). దాన్ని 0.6తో, ఆ తర్వాత 8తో గుణిస్తే 6 మీటర్లు. కాంతి 6 మీటర్లు పోవడానికి 20 నానోసెకన్లు. అంటే నిచ్చెనవాడికి అవతలి తలుపు ముందు మూసి తెరుచుకుంటుంది, 20 నానోసెకన్ల తర్వాతే ఇవతలిది మూసుకుంటుంది. రెండూ ఒకేసారి మూసిన క్షణమే అతనికి లేదు.

సూత్రం మీద నమ్మకం ఉంచితే సరిపోదనిపించి ఇంకో దారిలో చూశాను. నిచ్చెనవాడి కొలతలో సాల 6.4 మీటర్లు, నిచ్చెన 10. ముందు కొస అవతలి తలుపుని చేరేసరికి వెనక 3.6 మీటర్లు బయట మిగిలాయి. సాల 0.6 వేగంతో వెనక్కి వస్తోంది, నానోసెకనుకి 18 సెంటీమీటర్లు. 3.6ని 0.18తో భాగిస్తే 20. లోరెంజ్ సూత్రం ముట్టుకోకుండా అదే 20! ఆ అంకె కింద రెండు గీతలు గీశాను. మా బ్యాచ్‌లో ఈ లెక్క రెండు వైపుల నుంచీ చేసి చూపించింది నేనొక్కదాన్నే, గర్వంగానే చెబుతున్నాను.

రెండోసారి సెమినార్‌లో బోర్డు మీద ఇదంతా వేశాను. అదే సార్. "అవతలి తలుపు తెరవకపోతే?" అన్నారు. దానికీ సిద్ధంగానే వెళ్లాను. ముందు కొస తలుపుకి కొట్టుకుని ఆగినా ఆ కబురు వెనక కొసకి వెంటనే అందదు. కాంతి వేగంతో వెళ్లినా 10 మీటర్లకి 33 నానోసెకన్లు పడుతుంది. ఇవతలి తలుపు 20కే మూసుకుంటుంది. కాబట్టి నిచ్చెనవాడి లెక్కలోనూ వెనక కొస లోపలికి వచ్చేస్తుంది, ఆ తర్వాత నిచ్చెన నలిగినా విరిగినా అది వేరే సంగతి. ఏమాత్రం వంగని, నలగని వస్తువు ఈ సిద్ధాంతంలో ఉండదు. రిండ్లర్ అనే భౌతిక శాస్త్రవేత్త 1961లో ఈ రకం పారడాక్స్ మీద వ్యాసమే రాశాడు.

కంటి భ్రమ మాటకి కూడా జవాబు చెప్పాను. కొలవడం వేరు, కనిపించడం వేరు. వేగంగా పోయే వస్తువు ఫొటోలో కుదించుకుపోయినట్టు కాక, తిరిగినట్టు కనిపిస్తుందని 1959లో టెరెల్, పెన్‌రోజ్ విడివిడిగా చూపించారు. కుదింపు కంటికి పట్టే మాయ అయితే ఫొటోలోనే బాగా కనపడాలి కదా సార్ అన్నాను. ఆయన మాట్లాడలేదు. ఈసారి వెనక బెంచీలు కూడా మాట్లాడలేదు. సంతకం పెట్టి ఇచ్చేశారు.

ఈ టాపిక్ తీసుకునేవాళ్లకి చెప్పేది: కోచింగ్ నోట్సు జోలికి పోకండి, అందులో 'ఒకేసారి' అని రాసి ఎవరి గడియారంలోనో రాయరు. గ్రాఫ్ పుస్తకం కొనుక్కోండి, సంఘటనలను చుక్కలుగా పెట్టండి. స్లైడ్ల రంగుల మీద టైమ్ వేస్ట్ చేయొద్దు, ఎవరూ చూడరు. గైడ్ విసుక్కుంటారని టెన్షన్ పడి అడగాల్సింది మానొద్దు. వెళ్లేముందు ఇదే లెక్క 0.8 వేగంతో, 6 మీటర్ల సాలతో, రెండు దారుల్లోనూ చేసి చూసుకోండి. రెండింటిలోనూ 26.7 నానోసెకన్లు రావాలి.