నెట్ వస్తోంది కానీ పాటలు రావట్లేదు: మా ఇంటి మ్యూజిక్ సర్వర్‌తో నా అనుభవం

ఫోన్‌లో పాటలు మోగుతున్నాయి. హాల్లో ఉన్న కంప్యూటర్‌లో మాత్రం సర్వర్‌కు కనెక్ట్ కావడం లేదని వస్తోంది. రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయి, రెండిట్లోనూ యూట్యూబ్ ఆడుతోంది. ఫైబర్ కనెక్షన్ ఉండి, దానికి తోడు సొంతంగా ఇంకో రూటర్ కొనుక్కున్న ఇళ్లలో ఈ తంటా ఎవరికైనా రావచ్చు కాబట్టి మా ఇంట్లో ఎలా తేలిందో రాస్తున్నాను. నెట్‌లో వెతికితే ప్రతివాళ్లూ ఫైర్‌వాల్ (అనుమతి లేని కనెక్షన్లను ఆపే కాపలా సాఫ్ట్‌వేర్) ఆపేయండి, యాంటీవైరస్ తీసేయండి అంటున్నారు, మా విషయంలో అసలు కారణం దానికి దరిదాపుల్లో కూడా లేదు.

ముందు మా సెటప్ చెప్పాలి. విజయవాడలో మాది మేడ ఇల్లు. పై గదిలో రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్, దానికో ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్, అందులో నావిడ్రోమ్ నడుస్తుంది. మన దగ్గరున్న పాటల ఫైళ్లను ఇంట్లో ఉన్న ఫోన్లకూ కంప్యూటర్లకూ వినిపించే ఉచిత సాఫ్ట్‌వేర్ అది, బ్రౌజర్‌లోనైనా వినొచ్చు, సబ్‌సోనిక్ అనే పాటల సర్వర్ పద్ధతి తెలిసిన ఏ యాప్‌లోనైనా వినొచ్చు. ఆ డిస్క్‌లో ఉన్నవి ఎక్కడైనా దొరికే పాటలైతే నాకింత ఆరాటం ఉండేది కాదు. నాన్న 80ల్లో విజయవాడ రేడియో నుంచి క్యాసెట్లలోకి ఎక్కించుకున్న కచేరీలు, భక్తిరంజని కార్యక్రమాలు అవి. వోలేటి వెంకటేశ్వర్లు గారివి ఉన్నాయి, బాలమురళీకృష్ణ గారివి ఉన్నాయి, పేరు చెప్పేలోపే టేపు మొదలైపోవడం వల్ల ఎవరు పాడారో తెలియనివి కూడా ఉన్నాయి. టేపులు బూజు పట్టి పాడైపోతున్నాయని ఒక్కొక్కటీ ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి, నాణ్యత తగ్గని ఫ్లాక్ ఫైళ్లుగా దాచాను. కొన్నిటి చివర అనౌన్సర్ గొంతు కూడా ఉంటుంది, దాన్ని నేను కావాలనే కత్తిరించలేదు. నాన్న రోజూ పొద్దున్నే హాల్లో కంప్యూటర్‌కు తగిలించిన స్పీకర్లలో ఇవే వింటారు.

ఇంటర్నెట్ ప్లాన్ మార్చినప్పుడు కంపెనీ మనిషి వచ్చి పాత మోడెం తీసేసి కొత్తది పెట్టి వెళ్లాడు. ఆ మర్నాడు పొద్దున్నుంచి హాల్లో పాటలు లేవు.

"నెట్ ముందుకన్నా స్పీడుగా ఉంది కదరా, మరి పాటలకేమొచ్చింది?" అని నాన్న అడిగారు. చాలా సరైన ప్రశ్న. ఇంటర్నెట్ రావాలంటే కంప్యూటర్ బయటికి వెళ్లగలిగితే చాలు, కానీ పాటలు రావాలంటే పై గదిలో ఉన్న ఇంకో పెట్టెను చేరుకోగలగాలి, ఈ రెండూ వేరు వేరు దారులు, ఒకటి తెరుచుకుని ఉన్నంత మాత్రాన రెండోది తెరుచుకుని ఉన్నట్టు కాదు.

మొదట సర్వర్ బాగుందో లేదో చూశాను. ఫోన్‌లో పాట వస్తోంది కాబట్టి బాగున్నట్టే, అయినా పైకెళ్లి లాప్‌టాప్ నుంచి ఆ రాస్ప్‌బెర్రీలోకి ఎస్ఎస్‌హెచ్‌లో (నెట్‌వర్క్ మీదుగా ఇంకో కంప్యూటర్‌కు కమాండ్లు ఇచ్చే పద్ధతి) లాగిన్ అయి, నావిడ్రోమ్ సర్వీసు నడుస్తోందని, 4533 పోర్టులో వింటోందని ఖాయం చేసుకున్నాను. పోర్టు అంటే ఒక పెట్టెలో ఒక్కో సర్వీసుకు ఉండే తలుపు నంబరు లాంటిది, నావిడ్రోమ్‌కు మామూలుగా ఉండేది 4533. (మీరు వాడేది జెల్లీఫిన్ సర్వర్ అయితే 8096, లిరియన్ అయితే 9000.) అంటే సర్వర్‌ను ఇక ముట్టుకోనక్కర్లేదు. చాలామంది ఈ దశలో సర్వర్‌ను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు, దయచేసి చేయకండి, ఒక్క పరికరంలోనైనా పాట వస్తోందంటే తప్పు సర్వర్‌లో ఉండే అవకాశం చాలా తక్కువ.

తర్వాత కంప్యూటర్‌లో యాప్‌ను పక్కనపెట్టి బ్రౌజర్‌లో నేరుగా సర్వర్ అడ్రస్ కొట్టాను, 192.168.0.50, పోర్టు 4533. యాప్‌లు అన్ని తప్పులకూ ఒకే ముక్క చూపిస్తాయి, బ్రౌజర్ అయితే ఏ రకం తప్పో చెప్తుంది, అందుకని. చాలాసేపు గుండ్రంగా తిరిగి టైమ్డ్ అవుట్ అని వచ్చింది. ఈ ఒక్క మాటలో సగం జవాబు ఉంది. కనెక్షన్ రెఫ్యూజ్డ్ అని వెంటనే వస్తే, మన కంప్యూటర్ ఆ పెట్టె దాకా వెళ్లింది, కానీ అక్కడ ఆ పోర్టులో ఎవరూ లేరు అని అర్థం. టైమ్డ్ అవుట్ అంటే అసలు ఎవరూ పలకలేదు, మధ్యలో ఏదైనా ఫైర్‌వాల్ మింగేసి ఉండాలి లేదా దారే లేకపోవాలి. తేడా కళ్లారా చూద్దామని కావాలనే తప్పు పోర్టు, 4534 కొట్టి చూశాను. ఫోన్‌లో క్షణంలో రెఫ్యూజ్డ్ అని వచ్చింది. కంప్యూటర్‌లో తప్పు పోర్టుకూ అదే నిదానం, అదే టైమ్డ్ అవుట్. దాంతో కంప్యూటర్ పంపేది సర్వర్ దాకా చేరడమే లేదని తేలిపోయింది.

ఫైర్‌వాల్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. విండోస్ ఫైర్‌వాల్ మామూలు సెట్టింగుల్లో బయటి నుంచి లోపలికి వచ్చేవాటిని ఆపుతుంది గానీ, మనం బయటికి పంపేవాటిని ఆపదు. ఇక్కడ కంప్యూటర్ అడిగే వైపు ఉంది, సర్వర్ ఇచ్చే వైపు ఉంది, కాబట్టి ఎవరూ ప్రత్యేకంగా రూల్ పెట్టకపోతే దీని ప్రమేయం ఉండదు. సర్వరే విండోస్ మీద నడుస్తుంటే మాత్రం మొదట అనుమానించాల్సింది దాన్నే. ఆఫీసు వీపీఎన్ ఆన్‌లో ఉన్నా ఇంట్లో పరికరాలు కనబడకుండా పోతాయి, మా కంప్యూటర్‌లో అలాంటిది లేదు.

కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ కొట్టాను. కంప్యూటర్ అడ్రస్ 192.168.1.6, గేట్‌వే (బయటికి వెళ్లే దారి, అంటే కొత్త మోడెం) 192.168.1.1. సర్వర్ ఉన్నది 192.168.0.50లో. ఆ మూడో అంకె చూడండి, ఇక్కడ 1, అక్కడ 0. సబ్‌నెట్ మాస్క్ (అడ్రస్‌లో ఎంత భాగం నెట్‌వర్క్‌దో చెప్పేది) 255.255.255.0 అయితే మొదటి మూడు అంకెలూ కలిస్తేనే రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నట్టు. మా ఇంట్లో తెలియకుండానే రెండు నెట్‌వర్క్‌లు తయారయ్యాయన్నమాట. ట్రేస్‌రూట్ (దారిలో ఎక్కడి దాకా వెళ్లిందో మెట్టుమెట్టుగా చూపే కమాండ్) పెడితే మొదటి మెట్టు 192.168.1.1 దగ్గర పలికింది, తర్వాత అన్నీ చుక్కలే. కొత్త మోడెంకు 192.168.0 అనే నెట్‌వర్క్ ఇంట్లోనే ఉందని తెలియదు, కాబట్టి కంప్యూటర్ పంపినదాన్ని కంపెనీ వైపు తోసేస్తోంది, ఇళ్లలో వాడుకునే ఇలాంటి అడ్రస్‌లు ఇంటర్నెట్‌లో చెల్లవు కాబట్టి అక్కడితో దాని కథ ముగుస్తోంది.

జరిగింది ఇదీ. పాత మోడెం బ్రిడ్జ్ మోడ్‌లో ఉండేది, అంటే ఉత్త వైరులా సిగ్నల్‌ను దాటించేది, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ పెట్టి కనెక్షన్ తెచ్చేది పైన ఉన్న మా రూటర్. ఇంట్లో అన్నిటికీ అడ్రస్‌లు ఇచ్చేదీ అదే. కొత్త మోడెం తనే రూటర్‌గా, సొంత వైఫైతో వచ్చింది. వచ్చినతను దాని నుంచి వైరు తెచ్చి మా రూటర్‌లో వ్యాన్ పోర్టుకు (ఇంటర్నెట్ వైరు పెట్టే రంధ్రం) పెట్టాడు, హాల్లో కంప్యూటర్‌ను మాత్రం సిగ్నల్ నిండుగా ఉందని కొత్త వైఫైకి కలిపాడు. ఫోన్లన్నీ పాత వైఫైలోనే ఉండిపోయాయి, అందుకే వాటిలో పాటలు ఆగలేదు.

ఇందులో ఒక తికమక ఉంది. మేడ మీద నుంచి లాప్‌టాప్‌లో కింది మోడెంను పింగ్ చేస్తే (పలుకుతుందా అని పిలిచి చూస్తే) చక్కగా పలుకుతుంది. అది చూసి రెండూ కలిసే ఉన్నాయి కదా అనుకుంటాం. కానీ మా రూటర్ లోపల గడియ వేసిన తలుపు లాంటిది, లోపలివాళ్లు తీసుకుని బయటికి వెళ్లొచ్చు, బయటివాళ్లు తీసుకుని లోపలికి రాలేరు. అందుకని పింగ్ ఎప్పుడూ సమస్య ఉన్న కంప్యూటర్ నుంచే చేసి చూడాలి.

ఇక మందు. కంప్యూటర్‌ను పాత వైఫైకి మార్చడం అన్నిటికంటే తేలిక, వెంటనే అదే చేసి నాన్నకు ఆ పూట పాటలు పెట్టాను. అయితే కిందికి ఆ సిగ్నల్ సన్నగా అందుతుంది, ఫ్లాక్ ఫైళ్లు పెద్దవి, మధ్యమధ్యలో ఆగుతుంటే ఆలాపన వినడం కష్టం. పోర్ట్ ఫార్వర్డింగ్ (ఫలానా పోర్టుకు వచ్చినదాన్ని సర్వర్‌కు పంపమని మా రూటర్‌కు చెప్పడం) పెట్టొచ్చు, అది అతుకు మాత్రమే, రెండు నెట్‌వర్క్‌లూ అలాగే ఉంటాయి. కొత్త మోడెంను మళ్లీ బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టమని అడిగితే కుదరదన్నారు. మిగిలింది మేడ మీది మా రూటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చడం, నా ఉద్దేశంలో చాలా ఇళ్లకు ఇదే సరైన పద్ధతి. అప్పుడు అది అడ్రస్‌లు పంచడం మానేసి వైఫై మాత్రమే ఇస్తుంది, ఇల్లంతా ఒకే నెట్‌వర్క్ అవుతుంది. పాత రూటర్లలో ఆ మోడ్ లేకపోతే, దాని అడ్రస్‌ను మోడెం వరసలో వాడకంలో లేనిదానికి మార్చి, డీహెచ్‌సీపీ (అడ్రస్‌లు పంచే పని) ఆపేసి, మోడెం నుంచి వచ్చే వైరును వ్యాన్‌కు బదులు ఇంట్లో పరికరాలు తగిలించే ల్యాన్ పోర్టులో పెట్టినా అదే ఫలితం.

మోడ్ మార్చే ముందు సర్వర్‌లో ఒక పని తప్పనిసరిగా చేసుకోవాలి. మా సర్వర్‌లో 192.168.0.50 అనే అడ్రస్ చేత్తో రాసి పెట్టి ఉంది. దాన్ని అలాగే వదిలి రూటర్ మోడ్ మారిస్తే, ఇల్లంతా 192.168.1లోకి వెళ్లిపోయి సర్వర్ ఒక్కటే పాత వరసలో మిగిలిపోతుంది, అప్పుడు ఫోన్‌లో వచ్చే పాటలు కూడా పోతాయి. అందుకని ముందే అందులో ఎన్‌ఎంట్యూఐ (నెట్‌వర్క్ సెట్టింగులు మార్చే ప్రోగ్రాం) తెరిచి అడ్రస్‌ను ఆటోమేటిక్‌కు మార్చి, ఆ తర్వాతే రూటర్ మీద చెయ్యి వేశాను. ఎవరైనా ఇప్పటికే మార్చేసి సర్వర్ కనబడక టెన్షన్ పడుతుంటే మానిటర్ తగిలించనక్కర్లేదు, లాప్‌టాప్‌కు తాత్కాలికంగా 192.168.0.60 లాంటి అడ్రస్ చేత్తో ఇవ్వండి, రెండూ మళ్లీ ఒకే వరసలోకి వచ్చి లాగిన్ అవ్వగలుగుతారు.

రూటర్ తిరిగి ఆన్ అయ్యాక సర్వర్‌కు కొత్త అడ్రస్ వచ్చింది. కింది మోడెం పేజీలోకి వెళ్లి (పాస్‌వర్డ్ మోడెం అడుగున స్టిక్కర్ మీద ఉంది) సర్వర్ మ్యాక్ అడ్రస్‌కు (ప్రతి పరికరానికీ పుట్టుకతో ఉండే నంబరు) 192.168.1.50 ఎప్పుడూ అదే ఇచ్చేలా రిజర్వ్ చేశాను, సర్వర్‌ను ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేశాను. కంప్యూటర్‌లో పవర్‌షెల్ తెరిచి టెస్ట్-నెట్‌కనెక్షన్ కమాండ్‌తో 4533 పోర్టు చూస్తే ట్రూ అని వచ్చింది. యాప్ ఇంకా పాత అడ్రస్‌నే పట్టుకుని ఉంటుంది, అందులో మార్చాక లైబ్రరీ మొత్తం తెరుచుకుంది. ఫోన్లలో కూడా ఈ మార్పు చేయాలి, అమ్మ ఫోన్‌లో మర్చిపోతే సాయంత్రం తనే గుర్తుచేసింది.

యాప్‌లో అంకెలకు బదులు సర్వర్ పేరు చివర డాట్ లోకల్ చేర్చి ఇచ్చినా పనిచేస్తుంది, విండోస్ 10 నుంచి దాన్ని అర్థం చేసుకుంటుంది. కాకపోతే ఆ పేరు రూటర్‌ను దాటి అవతలికి వెళ్లదు, కాబట్టి ఇంట్లో రెండు నెట్‌వర్క్‌లు ఉన్నంతకాలం అది కూడా దొరకదు. ఇప్పుడు ఒకటే నెట్‌వర్క్ కాబట్టి హాల్లో కంప్యూటర్‌లో పేరే పెట్టాను. కంపెనీవాళ్లు ఎప్పుడైనా మోడెం మార్చి ఆ రిజర్వేషన్ పోయినా, పేరుతో వెతుక్కుంటుంది.