స్లాబ్ ఆగిన గురువారం

దేశం దాటి వచ్చాక నేను ప్లానింగ్ ఇంజనీర్‌గా చేరిన మొదటి సైట్‌లో రిస్క్ రిజిస్టర్‌ని, అంటే పనికి అడ్డం రాగల వాటి జాబితాని, ఎంతో శ్రద్ధగా రాసి ఉంచారు. గాలులు, మెటీరియల్ ఆలస్యం, డ్రాయింగ్‌ల ఆమోదం అన్నీ అందులో ఉన్నాయి. నెలకోసారి మీటింగ్‌లో తెరిచేవాళ్లం. వారం ప్లాన్ మాత్రం విడిగా నేనే వేసి ఫోర్‌మన్‌ల చేతికి ఇచ్చేవాణ్ణి.

ఒక గురువారం స్లాబ్ వేయాలి. సెంట్రింగ్ అయింది, ఇనుము కట్టారు, పంపు కూడా వచ్చింది. స్లాబ్‌లోంచి పైపులు వెళ్లే స్లీవ్‌ల డ్రాయింగ్‌కి మాత్రం ఆమోదం రాలేదు. పని ఆగిపోయింది. ఆ రిస్క్ రిజిస్టర్‌లో ఉంది, నా ప్లాన్‌లో లేదు. అంతకన్నా బాధేసిన విషయం, మన తెలుగు ఫోర్‌మన్‌కి అది సోమవారమే తెలుసు. "ముందే చెప్పలేదేం అన్నా?" అని అడిగాను. "కుదరదంటే పనికి అడ్డం పడుతున్నాననుకుంటారు తమ్ముడూ. వీసా వాళ్ల చేతిలో ఉంది" అన్నాడు.

తర్వాత లాస్ట్ ప్లానర్ పద్ధతి మొదలుపెట్టాం. 1990లలో గ్లెన్ బల్లార్డ్, గ్రెగ్ హోవెల్ రూపొందించిన పద్ధతి ఇది. మేం రాబోయే 6 వారాల పనులు ముందు పెట్టుకుని, డ్రాయింగ్, మెటీరియల్, మనుషులు, మెషీన్లలో దేనికి ఏది అడ్డమో రాస్తాం. అది ఎవరు తీస్తారో, ఏ తేదీలోగా తీస్తారో కూడా రాస్తాం. అడ్డు తొలగని పని వారం ప్లాన్‌లోకి రాదు. రిజిస్టర్‌లో ఊరికే "గాలులు" అని ఉన్నది ఇప్పుడు మంగళవారం క్రేన్ పని పక్కనే కనిపిస్తుంది. గాలి ఎక్కువైతే ఆ మనుషులకు ఇచ్చే వేరే పని ముందే సిద్ధంగా ఉంటుంది.

వారం చివర, ఒప్పుకున్న పనుల్లో ఎన్ని శాతం పూర్తయ్యాయో, కానివి ఎందుకు కాలేదో చూస్తాం. ఒకే కారణం పదేపదే వస్తే అది రిజిస్టర్‌లోకి వెళ్తుంది. ఆ శాతం చూపించి మనుషుల్ని తిట్టడం మాత్రం నేను ఒప్పుకోను. తిడితే మళ్లీ అందరూ నోరు మూసుకుంటారు. పరాయి దేశంలో ఉన్నవాళ్లు ఇంకా త్వరగా మూసుకుంటారు.

కొన్ని వారాలకు ఆ ఫోర్‌మనే మీటింగ్‌లో లేచి, "ఈ స్లాబ్‌కీ స్లీవ్‌ల సంగతి తేలలేదు. తేలేదాకా నా పేరు మీద రాయొద్దు" అన్నాడు. మేనేజర్ ఎందుకని అడిగి, పూర్తిగా విన్నాడు. స్లాబ్‌ని రెండు రోజులు వెనక్కి జరిపాం.