ఒంటికాలిపై నిలబడిన వానరులు

స్థాస్యామశ్చైకపాదేన యావదాగమనం తవ

"నువ్వు తిరిగి వచ్చేవరకు మేమంతా ఒంటికాలిపై నిలబడి ఉంటాం." కిష్కింధకాండ 67వ సర్గలో జాంబవంతుడు హనుమంతుడికి ఇచ్చిన మాట ఇది. సముద్ర లంఘనం అనగానే ఆకాశంలో దూసుకుపోయే ఆంజనేయస్వామే మన మనసులో మెదులుతాడు. ఒడ్డున మిగిలినవాళ్లు గుర్తుకు రారు. పిల్లలకు ధైర్యం నేర్పాలనుకునేవాళ్లు మాత్రం ముందుగా ఆ ఒడ్డు వైపే చూడాలని నేను నమ్ముతాను.

అప్పటి పరిస్థితి ఎలాంటిదో గుర్తు చేసుకోండి. సుగ్రీవుడు పెట్టిన నెల గడువు దాటిపోయింది. వట్టి చేతులతో వెళితే ప్రాణాలు దక్కవని వానరులు ప్రాయోపవేశానికి, అంటే తిండి మాని ప్రాణాలు విడవడానికి కూర్చున్నారు. సీతమ్మ లంకలో ఉందని జటాయువు అన్న సంపాతి చెప్పాక ఆశ చిగురించింది కానీ, ఎదురుగా నూరు యోజనాల సముద్రం. ఎవరు ఎంత దూరం దూకగలరో చెప్పమన్నాడు అంగదుడు. గజుడు 10 యోజనాలన్నాడు. గవాక్షుడు 20 అన్నాడు. అలా పెరుగుతూ సుషేణుడు 80, జాంబవంతుడు 90 అన్నారు. అంగదుడైతే, "నూరూ దాటగలను, తిరిగి రాగలనో లేదో చెప్పలేను" అన్నాడు. పది అన్న గజుణ్ని చూసి నవ్వినవాడు ఆ గుంపులో ఒక్కడూ లేడు. తిరిగి రాలేనేమో అన్న యువరాజును పిరికివాడని అన్నవాడూ లేడు. ఈ ఘట్టం చదివిన ప్రతిసారీ నా కళ్లు చెమరుస్తాయి.

విశాఖలో మా వీధి రామాలయంలో చైత్ర పౌర్ణమి నుంచి వైశాఖ బహుళ దశమినాటి హనుమజ్జయంతి వరకు పిల్లలతో ఈ కథ ఆడిస్తాం. వేసవి సెలవులు కలిసివస్తాయి కాబట్టి ఇల్లు కదలని పిల్లలు కూడా వస్తారు. మొదటి ఆట చాలా చిన్నది. అందరూ వలయంగా కూర్చుని ఎవరి యోజనాలు వాళ్లు చెప్పాలి. అంటే తాను ఎంతవరకు చేయగలడు, ఎక్కడ భయం వేస్తుంది అన్నది. చీకట్లో మేడ మెట్లు ఎక్కలేనని ఒకరు, తరగతిలో లేచి నిలబడితే గొంతు పెగలదని ఒకరు. వినేవాళ్లకు ఒకటే నియమం, నవ్వకూడదు. పెద్దవాళ్లకు ఇంకొకటి: "దానికే భయమా?" అనకూడదు. రెండో నియమం పాటించడమే కష్టం.

ఒక సాయంత్రం అందరినీ బీచ్ రోడ్డుకు తీసుకువెళ్లి ఇసుకలో కూర్చోబెట్టాం. ఓడరేవులోకి వెళ్లే వంతు కోసం దూరాన లంగరు వేసుకున్న ఓడలను చూపించి, హనుమ దాటిన దూరం దానికి ఎన్నో రెట్లని చెబితే పిల్లలు నోళ్లు తెరిచారు. అంగదుడి మాట వాళ్లకు బాగా ఎక్కేది అక్కడే. మన తీరంలో అల లాగితే ఈత వచ్చినవాడికీ ఒడ్డు అందదు. నీళ్లలోకి పరుగెత్తే స్నేహితుణ్ని "వెనక్కి రా" అని పిలిచేవాడు, తిరిగి రావడం గురించి ముందే ఆలోచించేవాడు అంగదుడి వంటి వీరుడని గట్టిగా చెబుతాం.

జాంబవంతుడు చేసిన పని మరీ గొప్పది. మాట్లాడకుండా ఒక పక్కన కూర్చున్న హనుమంతుడి దగ్గరికి తానే వెళ్లాడు. "తూష్ణీమేకాంతమాశ్రిత్య హనుమన్ కిం న జల్పసి", ఏకాంతంగా మౌనంగా ఎందుకున్నావయ్యా అని అడిగాడు. చిన్ననాడు సూర్యుణ్ని పండనుకుని 300 యోజనాలు ఎగిరిన సంగతి గుర్తు చేశాడు. లేని బలాన్ని ఉందని పొగడలేదు, జరిగినదే చెప్పాడు. మా పిల్లలు కూడా పక్కవాడు ఎప్పుడో నిజంగా చేసిన ఒక పనిని అందరి ముందు చెప్పాలి. "వీడు వాళ్ల చెల్లిని కుక్కల మధ్య నుంచి ఇంటికి తీసుకువెళ్లాడు" అని ఒక పాప చెప్పినప్పుడు ఆ పిల్లవాడి వెన్ను నిటారుగా లేచింది.

ఇక ఒంటికాలి ఆట. గుడి వెనుక ప్రహరీ పక్కన నందివర్ధనం చెట్టుంది, సందె వేళ అక్కడ వెలుతురు తక్కువ. ఒకరు ఒంటరిగా వెళ్లి స్వామికి పూలు కోసుకురావాలి. వచ్చేవరకు మిగిలినవాళ్లు ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఒంటికాలిపై నిలబడి రామనామం చెబుతుంటారు. కాస్త దూరంలో పెద్దవాళ్లం ఒకరం ఉంటాం. వెళ్లనంటే బలవంతం లేదు, ఆ రోజుకు వాడు గజుడు. మొన్న రెండో తరగతి పిల్లవాడు గుప్పెడు పూలతో పరుగున వచ్చాడు. భయం వేయలేదా అని అడిగితే, "వాళ్ల కాళ్లు నొప్పి పుడతాయి కదండీ" అన్నాడు.

సుందరకాండలో హనుమ తిరిగి వస్తూ చేసిన సింహనాదం వినగానే, కార్యం సాధించే వస్తున్నాడని జాంబవంతుడు ముందే పోల్చుకున్నాడు. వచ్చాక జరిగినదంతా చెప్పమని అడిగాడు, హనుమ మొదటి నుంచి చెప్పాడు. ఆ సర్గ చాలా పెద్దది, అయినా మధ్యలో ఎవరూ అడ్డుపడలేదు. మీ పిల్లలు ఏదైనా తొలిసారి ఒంటరిగా చేసి వచ్చిన రోజున చేతిలో పని పక్కన పెట్టి, ఎలా జరిగిందో అడగండి. చెట్టు దాకా వెళ్లిన కథ లంక దాకా సాగినా పూర్తిగా చెప్పనివ్వండి.